ఆఖరి పేజీ తిప్పకు బావా

"ఆఖరి పేజీ మాత్రం తిప్పకు బావా," అని ఒక్క ముక్క చెప్పి అనూరాధ గేటులోకి వెళ్ళిపోయింది. చెవిదిద్దులూ గాజులూ లోపలికి రానివ్వరని ముందే తీసి ధనరాజు చొక్కా జేబులో వేసింది, హాల్ టిక్కెట్టు పట్టుకుంది, కూతురి వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. చూస్తే కాళ్ళు ముందుకు పడవు. మొగుడికి పిల్లని అప్పగించేటప్పుడు ఏ పెళ్ళామైనా సవాలక్ష చెబుతుంది, నీళ్ళసీసా ఎక్కడుంది, బిస్కట్టు ఎప్పుడు పెట్టాలి, గౌను తడిపితే ఏం తొడగాలి, ఎండ తగలకుండా ఎక్కడ కూచోవాలి. అవేమీ లేవు. ఆఖరి పేజీ తిప్పకు, అంతే. ఎందుకంటే ఆ పేజీలో అమ్మ ఉంది. పుస్తకంలో పిల్ల ఏనుగు టోపీ పోగొట్టుకుని, కనబడ్డ జంతువునల్లా అడుగుతూ పోయి, చివరికి అమ్మ ఏనుగు దగ్గరికి చేరుతుంది, టోపీ అమ్మ దగ్గరే ఉంటుంది, అమ్మ పిల్లని తొండంతో చుట్టుకుంటుంది. ఆ బొమ్మ చూస్తే సుహాసినికి తన అమ్మ గుర్తొస్తుంది, గుర్తొస్తే గొంతు విప్పుతుంది, ఆ గొంతు పాలెం ఒడ్డున చేపలు వేలం వేసే ధనరాజు కూతురి గొంతు. అది విప్పితే ఆమదాలవలస స్టేషన్లో రైలు కూత వెయ్యక్కర్లేదు. అందుకని గేటు మూసినప్పటినుంచీ అతని ఎడమచేతి బొటనవేలు ఆఖరి పేజీని వెనక అట్టకి అదిమిపట్టి ఉంది. వేలు తిమ్మిరెక్కింది, అయినా వదల్లేదు.

"పిల్లీ పిల్లీ, నా టోపీ చూశావా?" అని చదివాడు, గుసగుసగా, అంటే అతను గుసగుస అనుకున్నంత గుసగుసగా, దానికే గానుగ చెట్టుకి ఆ పక్కన చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. ఏం చెయ్యను, ఈ గొంతుకి దేవుడు ఒక్కటే మెట్టు పెట్టాడు, అది పై మెట్టు. తండ్రి అసిరయ్యదీ ఇదే గొంతు. అసిరయ్య కోనాం చేపని తోక పట్టి పైకెత్తి కేక వేస్తే కెరటం కూడా ఒక అడుగు వెనక్కి వేసేదని పాలెంలో ఇప్పటికీ అంటారు, కెరటం ఎలాగూ వెనక్కే పోతుంది కదా అని ఎవరూ అడగరు. బడిలో వాచకం పైకి చదవమంటే పక్క తరగతి పిల్లలు కూడా ఇతని పాఠమే అప్పజెప్పేవారు, చివరికి మాస్టారు దండం పెట్టి ఒరే నాయనా నువ్వు మనసులో చదువుకో అన్నారు, ఆ మనసులో చదువు ఎనిమిదో తరగతితో సరిపోయింది. ఇప్పుడు చూడు, పైకే చదవాలి, మెల్లగా చదవాలి, అనూరాధ చదివినట్టు చదవాలి. ఆమె చదివితే పిల్లి పిల్లిలా ఉంటుంది, కుక్క కుక్కలా ఉంటుంది. తను చదివితే అన్నీ ఒడ్డుకి వచ్చిన సరుకులా ఉంటాయి. అయినా ఏనుగుకి టోపీ ఏమిటి, పెట్టుకుంటే ఎక్కడ నిలుస్తుంది, గాలికి ఎగిరిపోయిన టోపీని పిల్లిని అడిగితే పిల్లి ఏం చెబుతుంది, గాలి ఎటునుంచి వీచిందో చూడాలి ముందు. పడమటి గాలైతే సముద్రంలో పడుతుంది, ఇంక దానికి తిలోదకాలే, అతని సొంత టోపీ ఒకటి అలాగే పోయింది, పెళ్ళైన కొత్తలో, అనూరాధ సంతలో కొనిపెట్టిన తెల్ల టోపీ, పడవ దిగుతుంటే ఎగిరి నీళ్ళలో పడి, కొంతసేపు కొంగలా తేలి మునిగిపోయింది, దానికి ఆమె రెండు పూటలు మాట్లాడలేదు.

"తిప్పు," అంది సుహాసిని, ఒళ్ళో ఒక మోకాలు మీద నిలబడి, రెండో కాలు అతని పొట్టమీద పెట్టి. సుహాసిని అన్న పేరు అనూరాధ పెట్టింది, చక్కగా నవ్వేది అని అర్థం చెప్పింది, చెప్పేటప్పటికే గుంట ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. రెండేళ్ళు దాటాయి, కుదురు అన్నది ఎక్కడా తగల్లేదు. చదువుతుంటే నోట్లో వేలు పెట్టి మాట ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతుంది, పుస్తకం మూలలు కొరుకుతుంది, కుక్క పేజీ రాగానే దిగిపోయి చెట్టుచుట్టూ పరిగెత్తి వస్తుంది, వచ్చేసరికి కుక్క పేజీ అక్కడే ఉండాలి, లేకపోతే మొదటినుంచి చదవాలి. నాలుగడుగులు అవతలికి, సోడాబండి దగ్గరికి తీసుకెళ్ళి ఆడిద్దామంటే కుదరదు, అమ్మ మాయమైన గేటు కంటికి కనబడుతూ ఉండాలి, కనబడకపోతే పెదవి వంకర పోతుంది. అమ్మ చదివితే మాత్రం నోరు తెరుచుకుని వింటుంది, నాన్న చదివితే వినదు, వేట నిషేధం పెట్టి పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్న ఈ రోజుల్లో రోజూ ప్రయత్నించాడు, రోజూ పుస్తకం అతని ముక్కుమీదే మూసేసింది. పైకి నవ్వాడు గాని లోపల చివుక్కుమంది.

"చేపా చేపా, నా టోపీ చూశావా?" దగ్గరికి వచ్చేసరికి సుహాసిని వేలు బొమ్మమీద ఆనించి "ఏతి?" అంది.

"సేపమ్మా."

"ఏ తేప?"

ఇదీ చిక్కు. వాళ్ళింట్లో చేప అని ఊరికే ఎవరూ అనరు, ఊరికే మనిషి అన్నట్టు ఉంటుంది. కోనామా, చందువా, కవళ్ళా, నెత్తళ్ళా, ఏదో ఒకటి చెప్పాలి. ఈ పుస్తకం వేసినవాడు సముద్రం మొహం చూసినట్టు లేడు. ఒళ్ళంతా నారింజరంగు, గులివింద అందామా అంటే గడ్డం కింద మీసాలు లేవు, చందువ అందామా అంటే ఆ పొడుగేమిటి, పైగా నవ్వుతోంది, కనురెప్పలు కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా చేపల మొహాలు చూస్తున్నాడు, ఒక్కటీ నవ్వలేదు, నవ్వే పరిస్థితిలో అవి అతని దగ్గరికి రావు. "ఇది తొట్లో సేప," అన్నాడు చివరికి. సుహాసిని కాసేపు ఆలోచించి, "కూలకా?" అంది. కూరకా అని అడుగుతోంది. నవ్వొచ్చింది అతనికి. పొద్దున్నే తన తల్లి తాతమ్మ దీన్ని చంకనేసుకుని వేలానికి వచ్చేది, మనవరాలు గంప మీద కూచుని అంతా చూసేది, వల దులిపి, రాశి పోసి, వేలం మొదలవకముందే పడవవాళ్ళ ఇంటికని ఒక మంచి చేప పక్కకి తీస్తారు, ధనరాజు దానిమీద అరచెయ్యి పెట్టి 'ఇది కూరకి' అంటాడు. అంతే, ఇంక దానిమీద ఎంత పెద్ద షావుకారూ పాట పాడడు, పాడితే ఒడ్డు ఒడ్డంతా ఉమ్మేస్తుంది. అమ్మకానికి ఎన్నైనా ఉండొచ్చు, ఇంటిది ఇంటిదే. "కాదమ్మా, దీన్ని ఎవులు తింటారు, సూడు నవ్వుతన్నాది," అన్నాడు.

కిటికీలు తెరిచి ఉన్నాయి, అదీ అతని బాధ. కింది అంతస్తులోనే కంప్యూటర్ల గది, గేటుకి ఎదురుగా, కరెంటు పోయి వచ్చి పోయి చల్లగాలి మిషన్లు ఆగిపోయాయేమో, రెక్కలన్నీ బార్లా తీసి పెట్టారు. అందులో ఎక్కడో అనూరాధ కూచుని టీచరు ఉద్యోగం పరీక్ష రాస్తోంది. ఎన్నాళ్ళ చదువో అది. బోర్లించిన పడవ నీడలో కూచుని, పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, శిశు వికాస దశలు పైకి వల్లె వేసేది, ఇప్పుడు ఆ దశలు వినిపిస్తే తప్ప సుహాసిని నిద్రపోదు. జోలపాట పాడబోతే చెయ్యి అడ్డం పెట్టి "దథలు" అంటుంది. కిందటిసారి పరీక్షకి విజయనగరం అవతల పడింది సెంటరు, సుహా అప్పటికి చేతిపిల్ల, గేటు బయట ఇతని భుజమ్మీద హాయిగా నిద్రపోతోంది, ఏడ్చింది పక్కన ఇంకెవరిదో పిల్ల. లోపల అనూరాధకి పాలు చేపాయి, జాకెట్టు తడిసింది, తన పిల్లే అనుకుని ఇంకా ప్రశ్నలు మిగిలుండగానే లేచి వచ్చేసింది, వచ్చి చూస్తే ఇది గురక పెడుతోంది. మార్కులు కాసిన్ని తక్కువ వచ్చాయి, ఆ కాసిన్నీ ఎక్కడ పోయాయో ఇద్దరికీ తెలుసు. మళ్ళీ నోటిఫికేషను ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అంచేత ఇవాళ ధనరాజు తన కూతురు ఏడవకుండా చూసుకుంటే చాలదు, ఈ చెట్టుకింద ఎవరి పిల్లా ఏడవకూడదు. అందుకే ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను ఎదురుగా నెల్లిమర్లనుంచి వచ్చిన లక్ష్మీనరసమ్మ ఒళ్ళో ఉన్న మనవడి మీద. వాడు మాత్రం కట్టెలా పడి నిద్రపోతున్నాడు. ఏం పెడతారో ఆ పిల్లాడికి, అడగాలి.

సలహాలకి లోటు లేదు. లక్ష్మీనరసమ్మ, "పాలు మాన్పించీసినారేటి? ఏపాకు రాసినారా?" అంది. రాశాం, వేపాకు నూరి రాస్తే ఇది లొట్టలేసుకుంటూ నాకేసింది, తాతమ్మ చూసి 'ఇది మన రగతమే' అని మురిసిపోయింది, మురిసిపోయి ఇవాళ మనవరాలిని ఉంచుకోమంటే మాత్రం 'నీ పెళ్ళాం, నీ గుంట, నీ పుస్తకం' అని ఎండుచేపల గంప ఎత్తుకుని సంతకి పోయింది. చుట్ట ముసలాయన పేరు జగన్నాధం, వరి రైతు, కోడలు లోపల రాస్తోందట, ఆయన జంతికల సంచీతో సహా వచ్చి కాపలా కూచున్నాడు, "బావూ, ఏనుగు కతే పది సార్లు సెప్తే గుంటకి విసుగు రాదేటి, ఆ ఎనక పేజీలో ఏటున్నాదో సూపించు," అన్నాడు. "ఎనక ఏటీ లేదు తాతా, అట్టే," అన్నాడు ధనరాజు, అని బొటనవేలు ఇంకాస్త నొక్కాడు. సుహాసిని ఆ వేలు చూసింది. అమ్మ చేతిలో పుస్తకానికి ఎప్పుడూ లేని వేలు అది. దాన్ని పట్టుకుని లాగింది, కొరికింది, గిచ్చింది, చివరికి బతిమాలింది, "నానా, తియ్యి." పసిపిల్ల బతిమాలుతుంటే తండ్రి రాయిలా కూచోవడం ఎంత కష్టమో ఏ పరీక్షలోనూ అడగరు. అతను ఇంకోసారి మొదటి పేజీకి వెళ్ళి, ఒక ఊళ్ళో ఒక పిల్ల ఏనుగు అన్నాడు, అప్పుడు గానుగ చెట్టు మీదనుంచి ఒక ఎర్రచీమ, ఎవరు పంపారో, చొక్కా కాలరులో పడి మెడమీద కసిదీరా కుట్టింది. చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది. ఎడమచెయ్యి.

పేజీ తెరుచుకుంది. అమ్మ ఏనుగు పిల్లని తొండంతో చుట్టుకుని నవ్వుతోంది. సుహాసిని కదల్లేదు, అంతసేపటినుంచీ కుదురులేని మనిషి ఒక్కసారి బొమ్మలా అయిపోయింది, అతనికి ఆ నిశ్శబ్దం తెలుసు, పెద్ద కెరటం విరగబోయే ముందు నీళ్ళు వెనక్కి లాక్కునే నిశ్శబ్దం. బొమ్మకేసి చూసింది, గేటుకేసి చూసింది, కింది పెదవి మెల్లగా బయటికి వచ్చింది. "అమ్మ," అంది. అని నోరు తెరిచి మొదటి కూత కూసింది, చెట్టుమీద కాకులు లేచిపోయాయి, లక్ష్మీనరసమ్మ ఒళ్ళో కట్టె కూడా కదిలింది, కళ్ళు నులుముకుంది, అదీ ఏడవడానికి రాగం తీస్తోంది. లోపల కుర్చీ జరిగిందా? జరిగినట్టే వినిపించింది అతనికి, నూరు కుర్చీల్లో ఆ ఒక్క కుర్చీ. అయిపోయింది, లేస్తోంది, వచ్చేస్తోంది, నా పుణ్యమా అని రెండోసారి. ఏం చెయ్యాలో బుర్రకి తోచలేదు గాని చేతికి తోచింది, ఇరవై ఏళ్ళ అలవాటు ఉన్న చెయ్యి అది. ఆ అరచెయ్యి వెళ్ళి అమ్మ ఏనుగు మీద చటుక్కున పడింది. నోరు దాని పని అది చేసింది.

"ఇది కూరకి!"

అమ్మ ఏనుగుని కూరకి అన్నానా అని అతను సిగ్గుపడే లోపల సుహాసిని ఏడుపు సగంలో ఆగింది. కన్నీళ్ళు బుగ్గమీదే నిలిచాయి. ఆ చెయ్యి దానికి తెలుసు, ఆ మాట తెలుసు, ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలుసు, గంప మీద కూచున్నట్టు వీపు నిటారు చేసి కూచుంది. ఇంక తప్పుతుందా. ధనరాజు అమ్మ పేజీ జాగ్రత్తగా మూసి, పిల్లి పేజీ తీసి, పుస్తకాన్ని తోక పట్టినట్టు ఒక మూల పట్టి పైకెత్తాడు, పడవలు పడుకున్నప్పటినుంచీ మూతపడిన గొంతు తెరిచాడు. "రండి బావూ రండి! పిల్లి, తెల్లపిల్లి, ఇప్పుడే ఒడ్డుకొచ్చినాది, కళ్ళు సూడండి, మొప్పలు సూడండి! ఎవులు పాడతారు?" పిల్లికి మొప్పలు ఉండవని ఎవరూ అనలేదు. జగన్నాధం చుట్ట పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "ఒక జంతిక," అన్నాడు. "ఒక జంతిక! ఒకటోసారి!" లక్ష్మీనరసమ్మ తగ్గుతుందా, "కొబ్బరి మావిడిపండు," అంది, ఆమె ఒళ్ళో పిల్లాడు ఏడుపు మర్చిపోయి చెయ్యెత్తాడు, అదీ పాటే అని లెక్కగట్టాడు ధనరాజు. సుహాసిని పకపకా నవ్వింది. అమ్మ పెట్టిన పేరు మొదటిసారి నిజమైంది.

గేటు దగ్గర వాచ్‌మన్ సోములు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఓలమ్మో, ఇదేటి సంతనుకున్నారేటి? లోపల పరీచ్చ జరుగుతన్నాది, నా ఉజ్జోగం ఊడిపోద్ది!" ధనరాజు గతుక్కుమన్నాడు. ఆపితే పిల్ల ఏడుస్తుంది, ఆపకపోతే సోములు ఏడుస్తాడు. జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు, వేలం గుసగుసగా వేశాడు, ఈసారి నిజమైన గుసగుస, గొంతుకి కింది మెట్టు కూడా ఉందని అతనికి అప్పుడే తెలిసింది. గుసగుసగా ఆవుని ఎత్తాడు. జగన్నాధం గుసగుసగా "ఈనీసినాదేటి? పాలెన్ని ఇస్తాది?" అని అడిగి, కొమ్ములు పరీక్షగా చూసి, సందేహిస్తూ రెండు జంతికలకి పాడాడు. గుసగుసగా కోడి పోయింది. పెద్దవాళ్ళంతా దొంగల్లా వంగి రహస్యంగా పాట పెంచుకుంటుంటే సుహాసినికి అంతకన్న గొప్ప సంగతి లోకంలో కనబడలేదు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కిచకిచమంది. కుక్క వచ్చేసరికి కాపలా కుక్క మంచి జాతి అని ధనరాజు ఊరించాడు, సోములు అటూ ఇటూ చూసి, కర్ర వెనక్కి దాచుకుని, "అర కప్పు టీ," అన్నాడు. నారింజ చేప దగ్గర మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అది ఏం చేపో వేలం వేసేవాడే చెప్పలేకపోయాడు.

ఎప్పుడు గంట కొట్టారో తెలీదు. జనం బయటికి తోసుకొస్తుంటే అందులో అనూరాధ, బోసి చెవులతో, పమిట నుదుటికి అద్దుకుంటూ, పరిగెత్తి వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. ధనరాజు అడిగే లోపలే ఆమే చెప్పింది, "ఏడుపు వినపడ్డాది బావా. మౌసు వదిలీసి లేసినాను కూడా. అంతలో నీ కేక వినపడ్డాది. సేతిలో సరుకు లేకుండా నువ్వు కేక ఎయ్యవు కదా. గుంట నీ సేతిలోనే ఉన్నాదనుకుని కూకుండిపోనాను. అన్నీ రాసీసినాను." అన్నీ రాసేశాను అన్న మాట అతను మనసులో ఇంకోసారి చదువుకున్నాడు, చిన్నప్పుడు మాస్టారు చెప్పినట్టు.

జగన్నాధం ఊరుకోడు కదా. "మరి మీయమ్మని పాడుకుంటానే గుంటా, సంచీడు జంతికలు," అన్నాడు. సుహాసిని తల్లి చంకలోంచి ఆయన్ని ఎగాదిగా చూసి, చిన్న అరచెయ్యి తల్లి గుండెమీద గట్టిగా వేసి, "కూలకి!" అంది. అందరూ గొల్లుమన్నారు, అనూరాధకి ఏమీ అర్థం కాక మొగుడి వైపు చూసింది, ఇంటికెళ్ళాక చెబుతాలే అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. అంతలో సుహాసిని వంగి, అతని చెవి పట్టుకుని, కోనాం తోక పట్టినట్టు పైకి లాగి, "నానా! ఒకతోథాలి!" అని కేక వేసింది. గొంతు అచ్చం అసిరయ్యదే. "నాకొద్దు తల్లీ, ఈ సరుక్కి గోల ఎక్కువ," అన్నాడు సోములు. లక్ష్మీనరసమ్మ మొహం తిప్పుకుంది. అనూరాధ పొద్దున్నించీ మొదటిసారి నవ్వి, "సగం జంతిక," అంది. "లెండోథాలి!" అంది కూతురు, అని ఆగింది. రెండోసారికీ మూడోసారికీ మధ్య ఎంతసేపు ఆగాలో, వ్యాపారమంతా ఆ ఆగడంలోనే ఎలా ఉంటుందో ధనరాజుకి తెలిసినంత ఆ ఒడ్డుమీద ఎవరికీ తెలీదు, కాని చేప వైపునుంచి అది ఎలా ఉంటుందో అతనికి ఇంతవరకూ తెలీదు. చెవి నొప్పెడుతోంది. నవ్వుతున్నాడు గాని ఊపిరి బిగబట్టాడు. సుహాసిని అందరికేసీ ఒకసారి చూసింది, తల్లి సగం జంతికని తూచినట్టు చూసింది, తర్వాత చెవి వదిలేసి, ఉమ్మి తడీ పుస్తకం రంగూ అంటుకున్న అరచెయ్యి అతని మొహమ్మీద, ముక్కూ కన్నూ కలిపి, బద్దున వేసింది.

"కూలకి," అంది.

ఇంక ఎవరూ పాడలేదు.